తోడల్లుడి చొక్కా, లంక చుట్ట

మనిషన్నవాడు తన చొక్కా వాసన చూసుకోవచ్చు. పిల్లల చొక్కాలు ఉతకాలో వద్దో తేల్చుకోవడానికి వాటి వాసనా చూడొచ్చు. తోడల్లుడి చొక్కా వాసన మాత్రం చూడకూడదు. ఆరేళ్ళ కిందట నేను చూశాను. చూసి, సగం పరువు సామర్లకోట స్టేషన్లోనూ, మిగతా సగం తణుకులోనూ వదిలేసి ఇంటికొచ్చాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు, మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది రాజమండ్రి. బోర్డులూ ఫ్లెక్సీలూ వేసే షాపు నడుపుతాను. "ఇచ్చట పొగ త్రాగరాదు" అన్న బోర్డులు ఇప్పటికి ఎన్ని వేశానో నాకే తెలియదు. ఆ పుణ్యమా అని బహిరంగ స్థలంలో పొగ తాగితే ఎంత జరిమానా, ఎవరు వెయ్యొచ్చు అన్నది నాకు కంఠతా వచ్చేసింది. కంఠతా వచ్చినవాడు ఊరుకుంటాడా చెప్పండి?

అత్తవారిది సామర్లకోట. నేను పెద్దల్లుణ్ణి. పెళ్ళిచూపుల నాడు మావయ్యగారు పెట్టిన షరతు ఒక్కటే. "సిగరెట్టు కాల్చేవాడికి నా పిల్లనివ్వను." లలితని ఒకసారి చూశాను, జేబులో పెట్టె ఒకసారి తడుముకున్నాను, బయటికొచ్చి పెట్టె కాలవలో పారేశాను. ఆనాటి నుంచి తొమ్మిదేళ్ళు ఒక్క దమ్ము లాగలేదు. అంత త్యాగం చేసినందుకు మూడేళ్ళు ఆ ఇంట్లో రాజభోగం అనుభవించాను. మొదటి పెసరట్టు నాకే, ఫ్యాను కింద కుర్చీ నాకే.

ఆ తర్వాత మరదలికి పెళ్ళయింది. ప్రసాదు దిగాడు.

జంగారెడ్డిగూడెంలో ఆయిల్‌పామ్ తోట ఉంది. మెల్లగా మాట్లాడతాడు, ఎవరి మాటా కొట్టెయ్యడు, తిన్న కంచం తనే తీస్తాడు. ఇన్ని సుగుణాలున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండదూ? మొదటి పెసరట్టు అటు వెళ్ళిపోయింది. నాకు మూడోది వచ్చేది, అదీ అల్లం లేకుండా. ఇక మామ్మగారు, అంటే మావయ్యగారి తల్లి, ఎనభై దాటిన మనిషి, రోజూ ఫోన్ చేసేది ప్రసాదుకే. తలుపు దగ్గరికేసుకుని గుసగుసలాడేవారు. నాకు తొమ్మిదేళ్ళలో ఒక్కసారి చేశారు, అదీ చెయ్యి తగిలి వచ్చిన కాల్. సిగ్గు విడిచి చెబుతున్నాను, కుళ్ళుకున్నాను. కుళ్ళి కుళ్ళి ఏడ్చాను, లోపల్లోపలే.

ఇలా ఉండగా మా బావమరిది చంటికి తణుకు సంబంధం వచ్చింది. పెళ్ళి మాటలకి అందరం సామర్లకోటలో చేరి రైల్లో వెళ్ళాలి. అటువంటి చోట మావయ్యగారి పక్కన కూర్చుని మాట్లాడేది ఎవరండీ? పెద్దల్లుడు. ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కాతో, అద్దం ముందు ప్రాక్టీసు చేసిన నాలుగు మాటలతో దిగాను. ముందు రోజు భోజనాల దగ్గర మావయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"రేపు మాటలు ప్రసాదుగారు మాట్లాడతారు. మీరేమీ అనుకోకండి అల్లుడుగారూ, మీరు కాస్త ఆవేశపరులు కదా!"

"నాకా ఆవేశం?" అని అరిచాను. కంచంలో పప్పుచారు చంటి మీద పడింది. ఇంకెవరూ ఏమీ అనాల్సిన అవసరం లేకపోయింది.

మర్నాడు పొద్దున్న హాల్లో వంకెకి ప్రసాదు చొక్కా వేలాడుతోంది. పక్కనుంచి వెళ్తుంటే గుప్పుమంది, లంక పొగాకు ఘాటు! తొమ్మిదేళ్ళుగా పస్తులున్న ముక్కు పొరబడుతుందా? దగ్గరికి వెళ్ళి గుండెల నిండా పీల్చాను. రుజువు కోసం ఒకసారి, నిజం చెప్పాలంటే ఆశకొద్దీ రెండోసారి.

"ఏమండీ," అంది వెనకనుంచి లలిత, "మరిదిగారి చొక్కా వాసన చూస్తున్నారేంటి?"

"సబ్బు ఏదో చూస్తున్నాను."

"కళ్ళు మూసుకునా?"

నా సంతోషం ఏమని చెప్పను! చుట్ట తాగేవాడు! షరతు నాకొక్కడికేనా? నేను తొమ్మిదేళ్ళు నోరు కట్టుకుంటే ఈయన తోటలో కూర్చుని దర్జాగా కాలుస్తున్నాడా? ఇక్కడ నాకు రెండు అసూయలు పుట్టాయి. నా కుర్చీ లాక్కున్నందుకు ఒకటి, నేను మానేసినది తాగుతున్నందుకు ఇంకొకటి. రెండోదే ఎక్కువ మండింది.

స్టేషన్‌కి వెళ్ళేసరికి రైలు అరగంట లేటు. "మామ్మగారికి కాళ్ళు పట్టేశాయట, అలా నడిపించుకొస్తానండి," అని ప్రసాదు ఆవిణ్ణి ప్లాట్‌ఫాం చివరికి తీసుకెళ్ళాడు. అసలీ మనిషికి తణుకు దగ్గర, నేరుగా అక్కడికే రావచ్చు. మామ్మగారికి తోడని అంత దూరం నుంచి సామర్లకోట వచ్చాడు. దానికి అత్తయ్యగారు పొద్దుటి నుంచి మురిసిపోతున్నారు. నేను వాళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. పార్సిల్ మూటల వెనక బెంచీ మీద మామ్మగారిని కూర్చోబెట్టాడు. రెండు నిమిషాల్లో మూటల పైనుంచి పొగ లేచింది.

దొరికాడు!

పరుగున వెళ్ళి టీ తాగుతున్న టీసీగారి ముందు నిలబడ్డాను. "సార్, ప్లాట్‌ఫాం చివర ఒకాయన పొగ తాగుతున్నాడు. ఇది బహిరంగ స్థలం. చట్టప్రకారం నేరం. జరిమానా రెండొందల దాకా వెయ్యొచ్చు."

"మీరు డిపార్ట్‌మెంటాండీ?"

"కాదండి, బోర్డులు వేస్తాను."

"టీ తాగి వస్తాను."

"మీరు తాగేలోపు ఆయన తాగేస్తాడండీ!"

పాపం, గ్లాసు అక్కడే పెట్టి లేచాడు. నాకు అంతటితో తృప్తి లేదు. "మావయ్యగారూ! ఒక్కసారిలా రండి, మీ చిన్నల్లుడిగారి నిర్వాకం చూద్దురుగాని," అని కేకేశాను. మావయ్యగారు లేచారు, అత్తయ్యగారు లేచారు, లలితా మరదలూ చంటీ లేచారు. ముందు నేను, పక్కన నల్లకోటు, వెనక కుటుంబమంతా ఊరేగింపుగా వెళ్ళాం.

మూటల వెనక ప్రసాదు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు, నోట్లో ఏమీ లేదు. మామ్మగారు బెంచీ మీద బుద్ధిగా కూర్చున్నారు. పొగ మాత్రం ఉంది.

"ఎవరిదండీ పొగ?" అన్నాడు టీసీ.

ప్రసాదు మామ్మగారి వైపు చూసి, తల దించుకున్నాడు. "నాదేనండి."

"చూశారా!" అన్నాను. ఆ క్షణంలో నా ముఖం ఎలా వెలిగిపోయిందో చంటి ఇప్పటికీ చేసి చూపిస్తుంటాడు.

"చుట్ట ఏదండీ మరి?"

"పారేశానండి."

"మరి పొగ ఇంకా వస్తోందే?"

అందరం ఆ పొగ వెంట చూపులు దించుకుంటూ వచ్చాం. అది మామ్మగారి ముక్కులోంచి వస్తోంది. టీసీ వంగి, "అమ్మా, ఒకసారి నోరు తెరుస్తారా?" అన్నాడు.

"ఏం నాయనా, టికెట్టు నోట్లో పెట్టుకున్నాననుకున్నావా?" అంటూ మామ్మగారు రెండు వేళ్ళతో చుట్ట బయటికి తీశారు. నిప్పున్న కొస లోపలి నుంచి వచ్చింది! అడ్డపొగ అంటారే, అదన్నమాట. నిప్పు నోట్లో, చల్లటి కొస పెదాల చాటున. నోరు మూసుకు కూర్చుంటే చుట్ట ఉన్నట్టు పక్కవాడికి కూడా తెలీదు. టీసీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా!" అన్నారు మావయ్యగారు. "డాక్టరు చెప్పిన రోజే మానేశానన్నావు కదే!"

"నీకు చెప్పడానికి మానేశాన్రా."

అప్పుడు ప్రసాదు మెల్లగా అసలు సంగతి చెప్పాడు. నోట్లో తెల్లమచ్చ చూసి డాక్టరు మానమంటే, ఒక్కసారిగా ఆవిడ వల్ల కాలేదట. అన్నం ముట్టలేదట. రోజుకి ఏడు తాగే మనిషిని, ఫోన్లో మాట తీసుకుని, నెలకొకటి తగ్గిస్తూ ఒక్క చుట్టకి దించాడట. ఆ ఒక్కటీ ప్రయాణంలో తన జేబులో పెట్టుకుని వస్తున్నాడట.

మావయ్యగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ప్రసాదు రెండు చేతులూ పట్టుకుని, "మీరు అల్లుడు కాదండీ, కొడుకు," అన్నారు. పక్కనే ఉన్న అసలు కొడుకు చంటి కూడా తలూపాడు.

వాణ్ణి దింపుదామని తీసుకొచ్చి నా చేతులతో నేనే గుర్రం ఎక్కించాను. జరిమానా ప్రసాదే కట్టాడు. టీసీ రసీదు రాస్తూ, "ఇంతకీ ఈ కంప్లైంటు చేసినాయన మీకేమవుతారండీ?" అని అడిగాడు. అందరూ రైలు వస్తోందేమోనని పట్టాల వైపు చూశారు. లలిత కూడా.

"సగం ఆర్పించేశారు," అన్నారు మామ్మగారు నా వైపు తిరిగి, ఆరిన ముక్క కొంగులో ముడేసుకుంటూ. "ఇవాళ్టి సగం ఇంకా బాకీ. ప్రసాదు మాటల్లో ఉంటాడుగా, తణుకులో ఇది తాగించే పూచీ నీదే పెద్దబ్బాయ్."

"అదే న్యాయం," అన్నారు మావయ్యగారు. కాదనడానికి నాకు ముఖమేదీ?

తణుకులో వాళ్ళందరూ హాల్లో కూర్చున్నారు. మావయ్యగారి పక్క కుర్చీలో ప్రసాదు. నేను పెరట్లో, కొబ్బరిచెట్ల మధ్య, మామ్మగారికి కాపలా. లోపలినుంచి ప్రసాదు గొంతూ, దాని వెనక నవ్వులూ వినిపిస్తున్నాయి. అద్దం ముందు ప్రాక్టీసు చేసిన నా నాలుగు మాటలు గొంతులోనే ఉన్నాయి.

"గాలికి అంటుకోవట్లేదురా. నువ్వు వెలిగించి ఇయ్యి," అన్నారు మామ్మగారు.

"నేను మానేశానండి మామ్మగారూ."

"తాగమన్నానా? వెలిగించమన్నాను."

చుట్ట అంటుకోవాలంటే లాగాలి. లాగాను. అంటుకుంది. సరిగ్గా అంటుకుందో లేదోనని ఇంకోసారి లాగాను. తొమ్మిదేళ్ళ తర్వాత! కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

తెరిచేసరికి ఎదురుగా పెళ్ళికూతురి తండ్రి, చేతిలో కాఫీ గ్లాసులతో. వెనకే మావయ్యగారు.

"ఛీ ఛీ, ఏం పొగరా బాబూ!" అని మామ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ ముఖంలో అంత అమాయకత్వం నేను అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. నిజం చెబితే వియ్యాలవారి ముందు ఆ పెద్దావిడ తలవంచుకోవాలి. ఆయన కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. ఒప్పుకోక తప్పుతుందా?

"నాదేనండి," అన్నాను.

ప్రసాదు ఈ మాటే అంటే కొడుకయ్యాడు. నేనంటే ఏమైందో వినండి. మావయ్యగారు నిట్టూర్చి, "మా ఇంటిల్లిపాదిలో ఈయనకొక్కరికే ఉందండీ ఈ అలవాటు. ఎన్నిసార్లు చెప్పామో!" అన్నారు.

పెళ్ళికూతురి తండ్రి గోదావరి జిల్లా మనిషి కదా, నొచ్చుకున్నాడు. కానీ చుట్ట చూసి కాదు. "అయ్యయ్యో, అల్లుడుగారూ! ఎండలో నిలబడి తాగడమేంటండీ? చెబితే కుర్చీ వేయించనా?" అని కేకేసి మడతకుర్చీ తెప్పించి, నన్ను కూర్చోబెట్టి, చుట్ట పూర్తయ్యేదాకా పక్కనే నిలబడి మర్యాద చేశాడు. తాగాను. మామ్మగారు నా వైపు చూసిన చూపు వర్ణించలేను. ఆవిడ ఆ రోజు చుట్టలో సగం నేను తాగేశాను మరి. ఆ కోపంతోనే ఆవిడ మర్నాటి నుంచి పూర్తిగా మానేశారు. ఆ ఘనత కూడా ప్రసాదుకే వెళ్ళింది.

సంబంధం కుదిరింది. పెళ్ళిలో ఆడపెళ్ళివారు అల్లుళ్ళని పీటల మీద కూర్చోబెట్టి కానుకలు పెట్టారు. ప్రసాదుకి ఉంగరం. తర్వాత పెళ్ళికూతురి తండ్రి మైకు అందుకుని, "మా వియ్యంకుడుగారి పెద్దల్లుడుగారికి ఇష్టమని ప్రత్యేకంగా లంకల్లో చుట్టించి తెప్పించానండి," అంటూ వెండి పళ్ళెంలో కట్ట కట్టి, ఎర్ర రిబ్బను వేసిన వంద చుట్టలు నా చేతిలో పెట్టాడు. పళ్ళెం మాత్రం వెనక్కి తీసుకున్నాడు. ఫొటోగ్రాఫరు, "కొంచెం నవ్వండి సార్," అన్నాడు. ఆల్బంలో ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో తోడల్లుడి చొక్కా వాసన చూడను. రైల్వేవారిని టీ మధ్యలో లేపను. బోర్డులు వెయ్యడమే తప్ప వాటిని అమలు చెయ్యను. ప్రసాదు మీద అసూయ కూడా పూర్తిగా వదిలేశాను. నిన్ననే లలిత, "మరిదిగారు కొత్త కారు కొన్నారటండీ," అంటే మనస్ఫూర్తిగా సంతోషించాను. రంగేమిటని మాత్రం అడిగాను. మైలేజీ కూడా.