నాన్న శనివారం ఒక్కపొద్దు

అచ్చంపేటలో నేను నాలుగో తరగతి చదువుతున్నప్పటి మాట. బళ్లో ‘భిన్నత్వంలో ఏకత్వం’ మీద వక్తృత్వ పోటీ పెట్టారు. మైకు ముందు నిలబడగానే టీచరమ్మ రాసిచ్చిందంతా మరిచిపోయాను. ఎదురుగా అమ్మా నాన్నా కూర్చున్నారు. ఏడుపు ఆపుకుని, నోటికొచ్చింది చెప్పేశాను.

“మా నాయిన శనివారం ఒక్కపొద్దుంటడు. గని పక్కింటి షమీమోళ్లింట్ల మటన్ బిర్యానీ తింటడు. అమ్మకు తెల్వదు!”

అందరూ పగలబడి నవ్వారు. నాన్న తల దించుకున్నాడు. మొదటి బహుమతి నాకే ఇచ్చారు.

సాయంత్రం షమీమ్ వాళ్లమ్మ భయపడుతూ బగారన్నం గిన్నెతో వచ్చింది. “కోపం చెయ్యకు వదినా, ఇగ శనివారం మటన్ లేకుండ ఉత్త బగారన్నమే పెడ్త.”

అమ్మ మూత తీసి వాసన చూసింది. “గింత మంచిగ వండుతవ్, నన్నొక్కనాడన్న పిలిచినవా?”

టీచరమ్మ ప్రసంగం నాకిప్పటికీ గుర్తు రాదు. శనివారం బగారన్నం మాత్రం మా రెండిళ్లలో ఇంకా ఉడుకుతూనే ఉంది.