ప్రకాశ్ చేతికి నిలవని రంగుల గడియారం

1997, వానాకాలం. కరీంనగర్‌లో క్లాక్ టవర్ వెనక సందులో నా గడియారాల రిపేరు దుకాణం ఉండేది. ఒక అద్దాల బల్ల, దాని మీద టేబుల్ ల్యాంపు, వెనక గోడ నిండా రిపేరుకు వచ్చిన గోడ గడియారాలు. ఆ కుర్చీలో కూర్చోబట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. మొదట్లో అన్నీ చావి తిప్పే గడియారాలే. తర్వాత బ్యాటరీవి వచ్చాయి. దుబాయి, మస్కట్ పోయి వచ్చినవాళ్ల సంచుల్లో ఎన్నో రకాలు దిగేవి. ఏది వచ్చినా మూత తీసి చూస్తే దాని సంగతి అర్థమవుతుందని నాకొక ధీమా. ఆ ధీమా ప్రకాశ్ తెచ్చిన గడియారం దగ్గర ఆగిపోయింది.

ప్రకాశ్ ఊళ్లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే పని చేసేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. నెమ్మదస్తుడు. వాళ్ల నాన్న మిషన్ చర్చిలో కాపలా పని చేసేవాడు. అక్క నర్సు చదివి కువైట్ పోయింది. ఆమె పంపిన గడియారమే అది. ఆకాశం రంగు డయల్, దానిలో మూడు చిన్న గుండ్రాలు. ఒకటి నారింజ, ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ. పక్కన చావితో పాటు రెండు బటన్లు. దీన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. అంటే టైము చూపిస్తూనే స్టాప్‌వాచ్‌లా కూడా పనిచేసేది. పై బటన్ నొక్కితే మధ్యలో ఉన్న పొడుగు ముల్లు పరుగు తీస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. అసలు సెకన్లు చూపించేది మాత్రం పసుపు గుండ్రంలోని చిన్న ముల్లు.

"అన్నా, గీ చిన్న ముల్లు చూడు. ఒక్కొక్కటి నడుస్తలేదు, రెండు రెండు దుంకుతున్నది. బటన్ ఒత్తితె పెద్ద ముల్లు కదులుతలేదు" అన్నాడు.

అది నాకు కొత్త కాదు. బ్యాటరీ అయిపోయే ముందు కొన్ని గడియారాలు అలా ముల్లును గెంతిస్తాయి. మార్చమని మనకు చెప్పడం అది. వెనక మూత తీశాను. లోపల ఉన్న సెల్ మామూలు గుండీ బ్యాటరీలాగే ఉంది గానీ, దానికొక రేకు అతికించి ఉంది. నంబరు నా దగ్గరున్న ఏ పట్టీలోనూ లేదు. మీటరు పెట్టి చూస్తే బాగా తక్కువ చూపించింది.

"బ్యాటరీ దిగింది తమ్మీ. గిసొంటిది నా దగ్గర లేదు. హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. గడియారం ఉంచి పో" అన్నాను.

మూత బిగించి ల్యాంపు కింద పెట్టి, వేరే పనిలో పడ్డాను. సాయంత్రం చూస్తే చిన్న ముల్లు ఒక్కొక్క సెకనే శుభ్రంగా నడుస్తోంది. బటన్ నొక్కితే పొడుగు ముల్లు కూడా కదిలింది. మళ్లీ మూత తీసి మీటరు పెట్టాను. పొద్దున తక్కువున్న సెల్ ఇప్పుడు ఎక్కువ చూపిస్తోంది. అయిపోయిన బ్యాటరీ తనంతట తాను నిండడం నేనెప్పుడూ చూడలేదు. మీటరు మీద అనుమానం వచ్చి పక్క రేడియో దుకాణంలో ఇంకో మీటరు అడిగి తెచ్చాను. అదీ అదే మాట చెప్పింది.

లోపల ఎక్కడో తేమ చేరి ఉంటుంది, ల్యాంపు వేడికి ఆరిపోయింది అనుకున్నాను. ప్రకాశ్ వస్తే అదే చెప్పి పంపించాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. అదే గెంతు, అదే కదలని బటన్.

ఈసారి దాన్ని నా చేతికే పెట్టుకుని చూద్దామనుకున్నాను. రిపేరులో అది పాత పద్ధతి. బల్ల మీద బాగా నడిచి, చేతి మీద ఆగే గడియారాలు ఉంటాయి. చేతి ఊపుకు లోపలి వదులు బయటపడుతుంది. సగం నెరిసిన తలతో ఆ రంగుల గడియారం పెట్టుకుని కూర్చుంటే వచ్చినవాళ్లంతా దాన్నే చూసేవాళ్లు. "ఏం సదన్నా, పెండ్లి చేసుకుంటున్నవా మల్ల?" అని పక్క దుకాణం బట్టల వ్యాపారి అడిగాడు. బరువు తక్కువ, చేతికి హాయిగా ఉంది. ముళ్ల మీది పచ్చ పూత మసక చీకట్లో కూడా మెరిసేది. టైము ఒక్క నిమిషం తేడా రాలేదు. నా చేతి మీద ఉన్నన్ని రోజులు ఒక్కసారి కూడా గెంతలేదు, ఆగలేదు.

అంటే ఒకే గడియారం నా చేతికి మంచిది, ప్రకాశ్ చేతికి రోగిష్ఠిది. కొందరి ఒంటికి గడియారం నిలవదని మా గురువు అనేవాడు. నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ వారం మాత్రం నమ్మడానికి సిద్ధమయ్యాను.

ప్రకాశ్ వచ్చినప్పుడు అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అతను నవ్వలేదు.

"అన్నా, నీకొక మాట చెప్త. ఆసుపత్రి అవుతల ఎవ్వలకు చెప్పకు" అని గొంతు తగ్గించాడు. "ఎక్స్‌రే రూము పక్కనే నేను ఫిల్ములు కడిగే డార్క్ రూము. నేను లోపల కడుగుతుంటె అవుతల ఇంకొకాయన ఎక్స్‌రే తీస్తనే ఉంటడు. మధ్యల ఒక తలుపే. గా కిరణాలు తలుపు దాటి వస్తున్నయేమోనని నా అనుమానం. నీ తాన మంచిగ నడిచే గడియారం నా తాన చెడిపోతున్నదంటె ఇంకేముంటది?"

ఇంకా చెప్పుకుపోయాడు. తమ ఛాతీకి బ్యాడ్జీ పెడతారు, దానిలో చిన్న ఫిల్ము ఉంటుంది, ఒంటికి ఎంత కిరణం తగిలిందో దాన్ని పరీక్షిస్తే తెలుస్తుంది, కానీ పంపిన బ్యాడ్జీలకు చాలా నెలలుగా జవాబు రాలేదు అన్నాడు. భార్య సునీత అదే ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేస్తుంది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి డార్క్ రూములోనే అన్నం తింటారు. కిందటేడు ఆమెకు కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది.

"గడియారమే ఆగుతుంటె, కడుపుల బిడ్డ సంగతేంది అన్నా?"

అప్పటిదాకా నాకది ఒక మొండి గడియారం. ఆ మాటతో దాన్ని ముట్టుకోవాలంటేనే గుబులు పుట్టింది. ఎక్స్‌రే కిరణాలు గడియారాన్ని ఆపుతాయా? నాకు తెలియదు. ఆపవని చెప్పేంత చదువు లేదు. ఆపుతాయని చెప్పడానికి నా బల్ల మీద ఆధారమూ లేదు.

"అక్కడ టైము తప్పితె ఏమైతదో తెలుసా" అని ఇంకోటి చెప్పాడు. ఫిల్మును మందు నీళ్లలో లెక్క ప్రకారం ఉంచి తీయాలి. చిన్న ఎర్ర బల్బు తప్ప ఆ గదిలో వెలుగుండదు కాబట్టి మెరిసే ముళ్లున్న ఈ స్టాప్‌వాచ్ అతనికి బాగా పనికొచ్చింది. రెండోసారి నా దగ్గరికి తెచ్చే ముందు బటన్ పనిచేయక ఒక ముసలామె నడుము ఫిల్ము తెల్లగా పాలిపోయింది. ఆమెకు ఎక్స్‌రే రెండోసారి తీయాల్సి వచ్చింది. డాక్టరు అందరి ముందూ తిట్టాడు. అప్పుడే ప్రకాశ్ గడియారం సంగతి, కిరణాల అనుమానం బయటపెట్టాడు. డాక్టరు మొదట నవ్వాడట. తర్వాత ఏమనుకున్నాడో, హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపించి గది పరీక్ష చేయిస్తానన్నాడట. ఇదంతా చెప్పి, గడియారం మళ్లీ నా దగ్గర వదిలేసి వెళ్లాడు.

ఆ మధ్యలో జమ్మికుంటలో మా బావమరిది కూతురి పెళ్లి. గడియారాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి పోయాం. ముసురు పట్టి అక్కడే ఇరుక్కుపోయాం. తిరిగి వచ్చి బీరువా తీస్తే, చిన్న ముల్లు రెండు రెండు గెంతుతోంది. ఏ ఎక్స్‌రే గదీ లేదు, ఏ ప్రకాశ్ చెయ్యీ లేదు. మా ఇంటి బీరువాలో, మా పట్టుచీరల మధ్య అది చెడిపోయింది.

నేను మంచం మీద దాన్ని పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ సరోజన చూసింది. ఆమె మహిళా సంఘం లెక్కలు రాసేది.

"ఏమైంది గట్ల కూసున్నవు?"

"నా చేతికి నడిచింది. బీరువాల ఆగుతున్నది. నాకు సమజైతలేదు."

"నా లెక్కల మిషిన్ సుత గట్లనే చేస్తది. లోపలి అర్రల అంకెలు కనవడయి, కిటికి కాడికి తెస్తె కనవడ్తయి."

ఆమె కాలిక్యులేటర్ సోలార్‌ది. దానికి పైన నల్లటి పలక ఉంటుంది, వెలుతురు తగిలితే కరెంటు పుడుతుంది. ఈ గడియారానికి నల్ల పలక ఎక్కడుంది? అంతా నీలం, నారింజ, పసుపు. అందుకే నాకు ఆ ఆలోచనే రాలేదు. కంటికి లూప్, అదే మా చిన్న భూతద్దం, పెట్టుకుని ల్యాంపు వాల్చి చూశాను. ఆ నీలం రంగు రేకు కాదు, వెలుతురును లోపలికి పోనిచ్చే పలచటి పొర. ఒక కోణంలో దాని కింద నల్లగా ఏదో కనబడింది. నమ్మకం కుదరక నల్లగుడ్డలో చుట్టి కొన్నాళ్లు పెట్టాను, ముల్లు గెంతింది. తీసి ల్యాంపు కింద పెట్టాను, సర్దుకుంది. మళ్లీ చుట్టాను, మళ్లీ గెంతింది. లోపలున్నది బ్యాటరీ కాదు, వెలుతురుతో నిండే సెల్. ప్రకాశ్ పగలంతా చీకటి గదిలో ఉంటాడు. బయటికొస్తే ముసురు, నిండు చేతుల రెయిన్‌కోటు. గడియారానికి తిండే అందడం లేదు.

సంతోషంగా అతన్ని పిలిపించి చెప్పాను. అతను గడియారాన్ని ల్యాంపు కిందికి జరిపి డయల్‌ను తేరిపార చూశాడు. ఆఖరికి, "అయితె నాకు భయం లేనట్టేనా అన్నా?" అన్నాడు.

అవును అనబోయాను. నోటి దాకా వచ్చింది. ఎందుకో ఆగి, "గడియారం ఎందుకు ఆగుతున్నదో చెప్పిన. మీ రూముల ఏమున్నదో నాకు తెల్వదు" అన్నాను.

"గడియారం సంగతి చెప్తె డాక్టర్ సాబ్ పరీక్ష ఆపేస్తడు. చెప్పకుంటె అబద్ధమాడినట్టు. ఏం చెయ్యాలె?"

ఉన్నదున్నట్టు ఆయనకే చెబుదామన్నాను. మర్నాడు సునీతను కూడా తీసుకుని ముగ్గురం డాక్టరు గదికి పోయాం. గడియారం గురించి ఆయనకు అర్థమయ్యేలా చెప్పే పని నాది. చెప్పాను. ఆయన గడియారాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూసి, నవ్వి, బల్ల మీద పెట్టాడు.

"చూసినవా ప్రకాశ్? అనవసరంగ పరేషాన్ అయినవు. ఇంక గా పరీక్ష అవసరం లేదు కద?"

ప్రకాశ్ తలొంచుకున్నాడు. సునీత చెంగు బిగించి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె నెమ్మదిగానే అంది.

"సార్, గడియారం కోసం మేం పరీక్ష అడుగుతలేం. గది మంచిగనే ఉన్నదని ఎవ్వలు చూసి చెప్పలేదు. బ్యాడ్జీలకు జవాబు రాలేదు. నేను గా రూములనే అన్నం తింట. చూసినంక ఏం లేదంటె, ఏం లేదనే అనుకుంట."

డాక్టరు ఆమెవైపు చూశాడు, ఆమె కడుపువైపు చూశాడు. నవ్వు పోయింది. "సరె, రానియ్యి" అన్నాడు.

హైదరాబాద్ నుంచి ఒకాయన కిరణాలు కొలిచే మీటరు పట్టుకొచ్చి రెండు గదులూ చూశాడు. గోడలు బాగానే ఉన్నాయన్నాడు. మధ్య తలుపుకు మాత్రం కిరణాలను ఆపడానికి ఉండాల్సిన సీసపు రేకు లేదు. పాత తలుపు చెదలు తింటే ఎప్పుడో మార్చారట, వడ్రంగి మామూలు కర్ర తలుపు బిగించి పోయాడు. రేకు సంగతి ఎవరికీ గుర్తు లేదు. లోపలికి వచ్చేది కొద్దిగానే, అయినా రాకూడదు అన్నాడు. తలుపుకు రేకు వేశారు. డార్క్ రూములో అన్నం తినడం మాన్పించారు.

చలికాలం దాటాక సునీతకు ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. కిందటేడు పోయిన బిడ్డకు ఆ తలుపు కారణమా అని ప్రకాశ్ డాక్టర్ని అడిగాడట. చెప్పలేం అన్నాడట ఆయన. ప్రకాశ్ గడియారాన్ని డార్క్ రూములోకి తీసుకుపోవడం మానేసి, చావి తిప్పే స్టాప్‌వాచ్ ఒకటి నా దగ్గరే కొనుక్కున్నాడు.

నేను ఇప్పటికీ ఆ సంగతిని ఒక కొలిక్కి తేలేకపోతున్నాను. గడియారం ఆగడానికీ తలుపుకూ ఏ సంబంధమూ లేదు. కానీ గడియారం ఆగకపోతే ఆ తలుపు దగ్గరికి ఎవరూ పోయేవాళ్లు కాదు. అతని భయానికి కారణం తప్పు, భయం మాత్రం తప్పు కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో ఆలోచిస్తే నాకు ఇంకా గజిబిజిగానే ఉంటుంది.

నా పనిలో మాత్రం ఒకటి మారింది. అంతకుముందు గడియారం బాగు చేసి ఇస్తూ, మనిషి మొహంలో దిగులు కనబడితే "ఏం ఫికర్ లేదు, పో" అనేవాణ్ణి. ఇప్పుడు గడియారం గురించి నాకు తెలిసింది చెప్తాను. మిగతాది ఎవరిని అడగాలో తెలిస్తే ఆ పేరు చెప్తాను. తెలియకపోతే, తెల్వదంటాను.