ఆ కొస కాస్త పట్టండి

మా బుల్లబ్బాయి బావ ఏ పనీ ఒంటరిగా చెయ్యడు. బద్ధకమా అంటే కాదు. తెల్లారకుండానే లేస్తాడు, రోజంతా ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు. కానీ దోమతెర కట్టాలన్నా, పాదుకి పందిరి వెయ్యాలన్నా దారిన పోయేవాణ్ణి కేకెయ్యాల్సిందే. "ఏవండీ, ఆ కొస కాస్త పట్టండి!"

పెళ్ళిలో మూడో ముడి దగ్గర పురోహితుడి వైపు తిరిగి, "పంతులుగారూ, ఆ కొస కాస్త పట్టండి" అన్నాడట. "నా మెళ్ళో తాళి సగం పంతులుగారే కట్టారు" అని మా అక్క సుబ్బాయమ్మ ఇప్పటికీ సాధిస్తూ ఉంటుంది.

ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి చేతులు జోడించుకుని మా వీధిలోకొచ్చాడు. బావ అరుగు మీద మంచానికి నవారు బిగిస్తున్నాడు.

"దండాలు తర్వాత పెడుదురుగానండి. ముందు ఆ కొస కాస్త పట్టండి."

పాపం ఆయన పట్టాడు. బావ మెల్లిగా మంచమంతా బిగించుకునేదాకా పట్టే ఉన్నాడు. గెలిచాక మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. "రోడ్డు సంగతి అడగాల్సినవాణ్ణి మంచం దగ్గర కూర్చోబెట్టావు కదా బావా" అంటే, "రోడ్డు ఎలాగూ వెయ్యడ్రా. మంచమైనా బాగుపడింది" అన్నాడు.

అలాంటి మనిషికి ఊరంతా కలిసి ఒకే ఒక ఆంక్ష పెట్టింది. ఎవర్ని పిలిచినా సరే, హరిబాబుని మాత్రం పిలవకూడదు.

హరిబాబు మా ఊరి కుర్రాడే. సైన్యంలో హవల్దారు. సరిహద్దులో మందుపాతర పేలి ఎడమకాలు మోకాలి కింద పోయింది. పెట్టుడు కాలుతో ఇంటికొచ్చేశాడు. మర్యాద చెయ్యడం మా గోదావరి వాళ్ళకి ఒకరు నేర్పాలా! మండపేట నుంచి ట్రాక్టర్ల మీద ఊరేగించి తెచ్చాం. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టాం. చాలా రోజులు వాళ్ళింట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు, ఇంటికో క్యారేజీ చొప్పున పంపించాం. కప్పిన శాలువాలకి వినీల, అంటే హరిబాబు భార్య, కొత్త బీరువా కొనాల్సొచ్చింది.

అక్కడితో ఆగితే అది మా ఊరెలా అవుతుంది? టీ కొట్టు దగ్గరికెళితే అందరూ లేచి బెంచీ ఖాళీ చేసేవారు. "కూర్చోండి, కూర్చోండి." నీళ్ళ బిందె ముట్టుకుంటే ఎవరో లాక్కునేవారు. "మీరెందుకండీ, కూర్చోండి." ఊడ్పులనాడు సొంత పొలానికెళితే గట్టు మీద కుర్చీ వేసి, గొడుగు పట్టారు. సభల్లో మైకు పట్టేది నేనే. "దేశం కోసం నిలబడ్డ వీరుడు హరిబాబు గారిని దయచేసి కూర్చోవలసిందిగా కోరుతున్నాం" అనేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవారు. హరిబాబు కూర్చునేవాడు. రానురాను ఆ అబ్బాయి మొహంలో నవ్వు తగ్గిపోయింది, మాకేమో అది హుందాతనంలా కనిపించింది.

దాళ్వా, అదే రెండో పంట, కోతలప్పుడు ఒక పొద్దున వినీల మా అక్క దగ్గరకొచ్చి కూలబడింది.

"హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళతానంటున్నారండీ అక్కయ్యగారూ. ఆదివారం సాయంత్రం రైలుకి టిక్కెట్లు కూడా తీసేశారు."

"వాచ్‌మనా! పెన్షనుంది, పొలముంది. ఏం ఖర్మమ్మా?" అంది అక్క.

"నేనూ అదే అడిగానండి. అక్కడైతే నిలబడ్డానికి జీతమిస్తారు, ఇక్కడ కూర్చోబెట్టి చంపుతున్నారు అంటారు. నాకీ ఊరొదలడం ఇష్టం లేదండి." వినీల కొంగుతో కళ్ళొత్తుకుంది.

బావ కాఫీ తాగుతూ అంతా విన్నాడు. "అమ్మా, ఈ గ్లాసు కాస్త పట్టు" అని వినీల చేతిలో పెట్టి బయటికెళ్ళిపోయాడు. ఎంత రాతిగుండె మనిషి అనుకున్నాను.

ఊరు ఊరుకుంటుందా? శనివారం సాయంత్రం వీడ్కోలు సన్మానం పెట్టింది. పంచాయతీ ఆఫీసు ముందు స్టేజీ, దాని మీద కుర్చీ, కుర్చీలో హరిబాబు. ప్రెసిడెంటు పల్లంరాజు గారు శాలువా కప్పారు. ఎదురుగా కాలవ గట్టు రోడ్డు పొడుగునా ఊరందరి ధాన్యమూ ఆరబోసి ఉంది. నా ఉపన్యాసం మంచి పట్టులో ఉండగా పడమట మబ్బు పట్టింది, గాలి లేచింది. అందరి కళ్ళూ ధాన్యం మీదే ఉన్నాయి. కానీ సన్మానం మధ్యలో లేస్తే ఏం బాగుంటుందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

అప్పుడొచ్చాడు బావ, ధాన్యం మీద కప్పే బరకం ఈడ్చుకుంటూ. తిన్నగా స్టేజీ ఎక్కి, ఇంతమందిని వదిలేసి హరిబాబు ముందు నిలబడ్డాడు.

"హవల్దారు గారూ, ఆ కొస కాస్త పట్టండి!"

నా చేతిలో మైకు కుయ్యిమంది. "బుద్ధుందా బుల్లబ్బాయ్!" అని ప్రెసిడెంటు గారు అరిచారు. కింద మా అక్క నెత్తి కొట్టుకోవడం నాకు కనిపించింది.

హరిబాబు మా బావ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. లేచి ఆ కొస పట్టుకున్నాడు. మెట్లు దిగుతూనే గొంతెత్తాడు. అబ్బో, ఏం గొంతండీ! ఊరికొచ్చాక ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు.

"ప్రెసిడెంటు గారూ, మీరు ఆ మూల పట్టండి! మిగతావాళ్ళు మీమీ బరకాలు తెండి! ఆడవాళ్ళు ధాన్యాన్ని రాశులుగా లాగండి! సురేషూ, మైకొదిలి రాళ్ళు మొయ్యి!"

సురేష్‌బాబుని నేనే. మోశాను. ఒక చోట తాడు చాలకపోతే హరిబాబు భుజం మీది శాలువా తీసి బరకానికి ముడేసి, బండరాయికి కట్టాడు. మేం కప్పిన ఇన్ని శాలువాల్లోనూ పనికొచ్చింది అదొక్కటే. ఆఖరి రాశి కప్పాక వాన దంచికొట్టింది. జారి పడ్డాడు, లేచాడు. బురదలో తడిసి ముద్దై నవ్వుతున్నాడు. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు.

మర్నాడు తెల్లవారి మేడెక్కితే గట్టు మీద బావ కనిపించాడు. ఒక్కడే ఉన్నాడు. అంత పెద్ద బరకాన్నీ ఒక అంచు కాలి కింద తొక్కిపట్టి, ఒక అంచు మోచేతికి చుట్టి, విసిరి, దులిపి, చీర మడతపెట్టినంత నాజూగ్గా మడతపెట్టేశాడు. పరుగున దిగి వెళ్ళాను.

"బావా! ఒక్కడివే చెయ్యడం నీకొచ్చా?"

బావ దొంగలా అటూ ఇటూ చూశాడు. "మెల్లిగారా. మీ అక్క వింటే చంపేస్తది."

"మరి ఇన్నాళ్ళూ ఊరందరి ప్రాణాలూ ఎందుకు తీశావు?"

"ఒక్కణ్ణీ చేస్తే పనవుద్ది. అంతేగా? ఇంకేమవుద్ది?" బావ మడతపెట్టిన బరకం మీద కూర్చున్నాడు. "గొప్పోడివని శాలువా కప్పితే ఎవడైనా ఎల్లిపోతాడ్రా. నువ్వు లేకపోతే ఈ పని ఆగిపోద్దంటే ఉంటాడు."

బావంటే నాకు ఇంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలీదు.

ఇంతలో గట్టు మలుపులో హరిబాబు కనిపించాడు. కుంటుతూనే చకచకా వస్తున్నాడు.

"బుల్లబ్బాయి గారూ! టిక్కెట్లు కాన్సిల్ చేయించేశానండి. తడి బరకాలు అలాగే ఉంచేస్తే ధాన్యం ముక్కిపోదేంటండి? ఈవేళ ఏం పట్టాలో చెప్పండి."

బావ చటుక్కున లేచాడు. అంత నాజూగ్గా మడతపెట్టిన బరకాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది గట్టు మీద బారునా విచ్చుకుపోయింది.

"సమయానికొచ్చారండి బాబూ! తెల్లారిందగ్గర్నుంచి ఒక్కణ్ణీ చస్తున్నాను. ఈ సురేషుగాడు ఎందుకూ పనికిరాడు. ఆ కొస కాస్త పట్టండి!"