సగం విని మొక్కిన మొక్కు

నా చిన్నప్పుడు నేనొక దేవుడికి మొక్కుకున్నాను. ఆయన మా ఇంటి దేవుడు కాదు, ఆ మొక్కు పద్ధతి నాకు సగమే తెలుసు. అయినా పన్నెండు రోజులు ఎంతో నిష్ఠగా చెల్లించాను. అది తలుచుకుంటే నవ్వాలో తల బాదుకోవాలో ఈనాటికీ తెలియదు.

మాది రామసముద్రం పక్కన ఒక మెట్ట పల్లె. ఐదో తరగతి అయ్యాక నన్ను మదనపల్లెలో సిస్టర్లు నడిపే బడిలో వేశారు. వేశారు అంటున్నాను గానీ, మా నాయనకు అది ఏ కోశానా ఇష్టం లేదు. ఆడపిల్లకు ఐదు చాలన్నాడు. మా అవ్వ రెండు రోజులు సంగటి ముట్టకుండా అరుగు మీద కూర్చుంటే అప్పుడు ఒప్పుకున్నాడు. మా అవ్వకు చదువు రాదు గానీ పట్టుదల బాగా వచ్చు.

ఆ బడిలో నాకు అర్థం కానివి చాలా ఉండేవి. పొద్దున ప్రార్థనలో అందరూ నుదుటి నుంచి భుజాలకు చేయి తిప్పితే, నేనూ తిప్పేదాన్ని, ఎప్పుడూ తప్పు భుజంతో మొదలుపెట్టి. అవన్నీ మెల్లగా అలవాటయ్యాయి. ఏడో తరగతిలో ఒక బుధవారం మాత్రం నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. ఆ రోజు క్రైస్తవ పిల్లలంతా నుదుట విభూది పెట్టుకుని వచ్చారు. విభూది మా అవ్వ పెట్టుకునేది కదా, వీళ్ళకెలా వచ్చిందో! పక్కన కూర్చునే పిల్లను అడిగితే, తపస్సు కాలం మొదలైందని చెప్పింది. తపస్సంటే అడవిలో గడ్డాల మునులు చేసేదని మాత్రమే నాకు తెలుసు. ఈ రెండు జడల పిల్ల ఎక్కడ కూర్చుని చేస్తుందో ఎంత ఆలోచించినా తోచలేదు. శుక్రవారం నీతి పాఠంలో సిస్టరమ్మ అంతా చెబుతుందిలే అంది ఆ పిల్ల.

నీతి పాఠం శుక్రవారం ఆఖరి పీరియడు. మా ఊరి వైపు సాయంత్రం బస్సు ఒక్కటే కాబట్టి, గంట కొట్టడానికి పది నిమిషాలు ముందే నన్ను పంపించేవారు. ఆ పాఠం చెప్పే సిస్టరమ్మది కేరళ. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకోవడం వల్ల ఆమె మా అందరికంటే శుద్ధంగా మాట్లాడేది. ఈ నలభై రోజులు ఎవరికి అన్నిటికంటే ఏది ఇష్టమో దాన్ని దేవుడి కోసం వదులుకోవాలనీ, ఆ సంగతి నలుగురిలో చాటుకోకూడదనీ ఆమె చెప్పింది. అంతవరకే విన్నాను. బస్సు టైమైంది. సంచి తగిలించుకుని పరుగెత్తాను.

బస్సులో కూర్చుని దారంతా ఆలోచించాను. నాకు బెల్లం ఇష్టమే, ఉప్పూ కారం అద్దిన చింతకాయ ఇంకా ఇష్టం. కానీ ఆమె అన్నది అన్నిటికంటే ఇష్టమైనది అని. దేవుడి దగ్గర మోసం చేయకూడదు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది బడి. మిగతా పిల్లలకు మిఠాయి ఇష్టం కాబట్టి మిఠాయి మానుకుంటారు, నా ఖర్మ కొద్దీ నాకు బడి ఇష్టమైంది అనుకున్నాను. ఊళ్ళో దిగేసరికి కళ్ళనిండా నీళ్ళు. సోమవారం నుంచి బడి మానేశాను.

మా నాయన ఎందుకని ఒక్క మాట అడగలేదు. అది చింతచెట్లు దులిపే కాలం. వసారా నిండా చింతకాయ కుప్పలు. పెంకు ఒలిచి, రాతి మీద చిన్న సుత్తితో కొట్టి గింజ తీసి, పీచు లాగేసి పండును పుంగనూరు మండీకి పంపాలి. ఎన్ని చేతులున్నా చాలవు. పక్కింటి అక్క రోజూ మా వసారాలోనే కాయ కొట్టేది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నాలుగో తరగతితో మానిపించారు. నన్ను తన పక్కన కూర్చోబెట్టి నా చేతికొక సుత్తి ఇచ్చారు. పొద్దున ఎనిమిదింటికి బస్సు హారను వినబడగానే నా సుత్తి వేలి మీద పడేది. అక్క నా వేలు నోటి దగ్గరికి తెచ్చుకుని ఊదేది గానీ ఏమీ అడిగేది కాదు.

మూడో రోజు మా అవ్వ నన్ను రాగుల గుమ్మి వెనక్కి లాక్కెళ్ళి నిజం చెప్పించింది. ఇక తానే పోట్లాడి నన్ను పంపిస్తుందని ఎదురుచూశాను. మా అవ్వ మాత్రం చెంపలేసుకుంది. "ఎవురి సామైతే ఏమే, మొక్కు మొక్కే. మధ్యలో తెంపితే ఇంటికి అరిష్టం" అంది. నన్ను బడిలో వేయించడానికి పస్తులున్న మనిషే ఇప్పుడు నా మొక్కుకు కాపలా కూర్చుంది.

అవ్వ చెప్పగా విన్న మా నాయన లెక్క వేరు. ఆ రోజుల్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. "నలభై దినాలంటే పరీచ్చలు గూడా దాటిపోతాయి. ఇంగ బడి యాల? మంచి మొక్కే మొక్కింది బిడ్డ" అన్నాడు ఆ రాత్రి అన్నం తింటూ. నేను వదిలింది నలభై రోజులనుకున్నాను, అది మొత్తానికే పోయేలా ఉంది. అలాగని తెంపితే అరిష్టం. ఏ దేవుడికి చెప్పుకోవాలో కూడా తెలియక, రాముడికి కొంచెం, ఏసుకు కొంచెం చెప్పుకున్నాను.

పదమూడో రోజు శనివారం మధ్యాహ్నం సిస్టరమ్మ గొడుగేసుకుని మా ఊళ్ళో బస్సు దిగింది. మా నాయన తుండు గుడ్డ భుజాన వేసుకుని ఎదురు పోయాడు. కుర్చీ వేస్తే ఆమె కూర్చోలేదు. వచ్చి చింతపండు కుప్ప పక్కన మా మధ్యలో నేల మీద కూర్చుని, నన్ను ఎందుకు రావడం లేదని అడిగింది. చాటుకోకూడదని చెప్పింది ఆమే కదా, ఆమెకే చెప్పవచ్చో లేదో నాకు తెలియలేదు. చివరికి ఏడుస్తూ చెప్పేశాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా కంటే ఎక్కువ తికమకపడినట్టుంది. ఒక సుత్తి తీసుకుని రెండు కాయలు కొట్టి, గింజ తీయబోయి పండంతా నలగ్గొట్టి, పక్కన పెట్టేసింది. తర్వాత, "నువ్వు బస్సుకు వెళ్ళిపోయావు. మిగిలిన సగం ఆ తర్వాత చెప్పాను" అంది. ఆ మిగిలిన సగం ఇదీ: మనం వదులుకున్నది ఊరికే పోకూడదు, అది లేనివాళ్ళ చేతికి చేరాలి. మిఠాయి మానితే ఆ మిఠాయి ఇంకొకరి నోట్లోకి పోవాలి. "నువ్వు వదిలిన బడి ఎవరి చేతికి చేరింది?" అని అడిగింది.

నేను చుట్టూ చూశాను. ఎవరికీ చేరలేదు.

అప్పుడు మా అవ్వ అందుకుంది. "అవును గదా! కొండకి పోకుండా ఇంట్లోనే గుండు గీయించుకుంటే అది తలనీలాలెట్లా అయితాదప్పా?" అని మా నాయన వైపు తిరిగింది. మా నాయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "అయితే ఇన్ని దినాలు మొక్కు తీరనట్టే. మళ్ళా మొదుట్నించి నలభై దినాలు మానాల్నేమో" అన్నాడు. సిస్టరమ్మ నలభై రోజులూ మొదటి నుంచి చేయాల్సిందేనని ఒప్పుకుంది. కాకపోతే మానడం కాదు, రోజూ బడికి వచ్చి, విన్నదంతా ఇంటికి తెచ్చి, బడి లేని వాళ్ళకు ఇచ్చేయాలి అంది. ఆ మాట అంటూ పక్కింటి అక్క వైపు చూసింది.

అక్క తల వంచుకుని, "నాకెందుకు సిస్టరమ్మా, నాకు పనుండాది" అంది.

"వినేది చెవులు గదే, చేతుల పని చేతులు చేస్తాయి" అంది మా అవ్వ. దాంతో మా నాయన ఒప్పుకున్నాడు. అక్క రెండు చేతులూ పనిలోనే ఉంటాయి, ఇంటికి అరిష్టమూ ఉండదు.

సోమవారం సాయంత్రం బస్సు దిగి వసారాలో కూర్చోగానే, అక్క సుత్తి ఆపకుండా అడిగింది, "ఈ పొద్దు ఏం చెప్పినార్రా బళ్ళో?" గాలికి బరువుందని చెప్పారు, అది మన మీద అన్ని వైపుల నుంచీ నొక్కుతుందని చెప్పారు అన్నాను. "మరి మనం యాల నలిగిపోలేదు?" అంది. నాకు తెలియదు. తరగతిలో నలభైమందిమి తల ఊపాం గానీ ఎవరికీ ఆ అనుమానం రాలేదు. మర్నాడు పోయి అడిగాను. మన లోపల కూడా గాలి ఉంది, అదీ బయటికి అంతే నొక్కుతుంది అన్నారు. ఆ జవాబు తెచ్చి ఇస్తే అక్క సుత్తి ఆపి, తన పొట్ట మీద చేయి పెట్టుకుని చూసుకుంది.

అలా రోజూ ఒక ప్రశ్న వచ్చేది. ఆ ప్రశ్న ఏమై ఉంటుందా అని నేను తరగతిలో ఒళ్ళంతా చెవులు చేసుకుని వినేదాన్ని. పరీక్ష బాగా రాశాను. వదులుకున్నది నాకే ఇంకా ఎక్కువగా మిగులుతుంటే ఇదేం మొక్కు అని అనుమానం వచ్చి సిస్టరమ్మను అడిగాను. తనకూ సరిగ్గా తెలియదంది. అక్కను బడిలో చేర్చుకోమని కూడా అడిగాను. ఆమె ఇంకోసారి ఊరికి వచ్చి అక్కవాళ్ళ నాయనతో మాట్లాడింది. అప్పటికే అక్కకు సంబంధం ఖాయమైంది.

నలభయ్యో రోజున ఎగురుకుంటూ పోయి అక్కకు చెప్పాను, మొక్కు తీరిపోయిందని. అక్క చేతిలో సుత్తి ఆగింది. "అయిపోయిందా?" అంది, అంతే. మళ్ళీ కొట్టుకుంటూ కూర్చుంది. నేనెంత తెలివితక్కువదాన్నో ఆ ముఖం చూశాక గానీ నాకు తెలియలేదు. మర్నాటి నుంచి ఎండాకాలం సెలవులు. అయినా సాయంత్రం పాత పుస్తకమొకటి వెతికి పట్టుకుని వసారాలో కూర్చున్నాను. అక్క నా వైపు చూడకుండానే అడిగింది, "ఈ పొద్దు ఏం చెప్పినార్రా?"

ఆ ఏడాదే అక్క పెళ్ళై కుప్పం దగ్గరికి వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళు మా మధ్య ఉత్తరాలు లేవు, నాలుగో తరగతి అక్షరాలు తను ఎప్పుడో మరిచిపోయింది. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు వచ్చాయి. సాయంత్రం, మా ఊరి బస్సు వచ్చే వేళకు సరిగ్గా ఫోన్ మోగుతుంది. బాగుండావా అని కూడా అడగదు. డెబ్భై దగ్గరపడిన ఆ గొంతు అదే మాట అడుగుతుంది. ఇక్కడ మదనపల్లెలో నా మనవరాలు అలాంటి సిస్టర్ల బడిలోనే ఆరో తరగతి చదువుతోంది. అది ఇంటికి రాగానే సంచి దించనీయకుండా పట్టుకుని, ఆ ఫోన్ భయంతో ఇవాళ ఏం చెప్పారో దాని చేత చెప్పించుకుంటాను. ఒక్కోసారి దానికి సెలవు. అప్పుడు పేపరో, పాత పుస్తకమో వెతుక్కుంటాను. మొన్నొక రోజు ఏమీ దొరకలేదు, ఈ పొద్దు ఏం లేదక్కా అన్నాను. "మొక్కు తప్పినావే పాపా" అని నవ్వింది.

ఆ నలభై రోజుల్లో ఇచ్చింది నేనా, పుచ్చుకున్నది నేనా అన్న తికమక నాకింకా తీరలేదు. తీరకపోయినా ఫరవాలేదు. ఫోన్ మోగేలోగా మాత్రం ఏదో ఒకటి నేర్చుకుని సిద్ధంగా కూర్చుంటాను.