ఊరికే అన్న మాట

తెలుగు టీచరమ్మ పోయారని హిందూపురం నుంచి ఫోన్ వచ్చింది. ధర్మవరం బస్టాండులో ఉన్నాను. "యా టీచరమ్మ?" అని అడిగాను, తెలిసి కూడా. చావు కబురును సైతం అనుమానించే బుద్ధి నాది. ఆ బుద్ధితో ఆమెకు చేసిన అన్యాయం ఇప్పుడైనా చెప్పుకోవాలి.

మన పల్లెల్లో రెండేళ్లు పని చేయడానికి విదేశాల నుంచి వచ్చే వాలంటీర్లకు ఏర్పాట్లు చూడటం నా ఉద్యోగం. రిటైరైన టీచరమ్మ వాళ్లకు తెలుగు నేర్పేవారు. జీతం వద్దనేవారు. మా కాఫీ కూడా ముట్టేవారు కాదు. క్యారియర్ మూతలో ఊరగాయ పెట్టుకుని, మాట తప్పు పలికిన వాళ్లకు ఓ ముక్క తినిపించేవారు. "నోరు మండితే మాట గుర్తుంటాది" అని నవ్వేవారు. "మనవడికి వీసా కోసమే ఈ సేవంతా" అని నేను వంటామెతో అనేవాణ్ణి.

ఏడాది గడిచాక వాలంటీర్లందరినీ పెనుకొండకు పిలిచి వారం రోజులు శిక్షణ పెట్టాం. లేపాక్షి దగ్గర పల్లెలో ఉంటున్న అమ్మాయి మొదటి రోజే ఏడ్చింది. ఎవరూ గడప తొక్కనివ్వడం లేదట. వాళ్ల దేశం వెళ్లిపోతానంది.

"ఎందుకొచ్చినావని అడిగితే ఏం చెప్తాండావు పాపా?" అన్నారు టీచరమ్మ.

"ఊరికే వచ్చినాను."

హాల్లో మిగతా వాళ్లూ తలలూపారు. అందరిదీ అదే జవాబు.

టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. జీతం లేకుండా అనే అర్థంలో ఆ మాట నేర్పింది ఆమే. పల్లె జనానికేమో, పనేమీ లేకుండా వచ్చిందని వినబడింది. పని లేకుండా అంత దూరం నుంచి ఎవరొస్తారు? భూములు చూసేకొచ్చిందని ఒకరు, మతం మార్చేకొచ్చిందని ఇంకొకరు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అన్నారా!

"తప్పు నాది. ఇంటికి పొయ్యేది తర్వాత, ముందు మీ ఊరికి పోదాం పద," అన్నారు.

మరునాడు ఇద్దరూ బస్సెక్కారు. వాళ్లకు కనబడకుండా నేను వెనక సీట్లో కూర్చున్నాను. వీసా సంగతి దార్లో బయటపడుతుందని నా ఆశ. "మీ పిల్లోళ్లకు చదువు చెప్పేకొచ్చినా" అనే ఒక్క వాక్యాన్నే దారి పొడవునా పలికించారు టీచరమ్మ.

మొదటి ఇంటి అవ్వ గడపకు అడ్డం నిలబడింది. "మళ్లీ వచ్చిండాదే! నువ్వెవురమ్మా, ఈమెకు తోడు?"

"ఈ పాపకు తెలుగు నేర్పినదాన్నక్కా. మాట తప్పు నేర్పినా. తిట్టేదుంటే నన్ను తిట్టు."

అవ్వ గట్టిగానే తిట్టింది. టీచరమ్మ చెప్పులు విడిచి, ఎండలో నిలబడి అంతా విన్నారు. తర్వాత పక్కింటికి, ఆ తర్వాత ఇంకో ఇంటికి.

ఆ అమ్మాయి రెండో ఏడాది కూడా ఆ ఊళ్లోనే ఉంది. టీచరమ్మ వీసా ఊసు ఎన్నడూ ఎత్తలేదు. నేను క్షమించమని అడగనూ లేదు. అడిగితే నా అనుమానం ఆమెకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఎంత తెలివితక్కువ భయమో!

ఆ రోజు చివరి ఇంట్లో వాళ్లిద్దరికీ చాప పరిచారు. నేను గోడ చాటున ఉన్నాను. టీచరమ్మ తల కూడా తిప్పకుండా, "ఏమప్పా, పొద్దున్నుంచి ఎనకాలే తిరుగుతాండావు, కాళ్లు నొయ్యలేదా?" అని, చాప మీద నాకు చోటిస్తూ పక్కకు జరిగారు.