బోనం కింద ఉడుకు

జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో అమ్మోరి జాతరకు తొలి బోనం మా ఇంటి నుంచే పోవాలి. భూములు పోయాయి, మిద్దె కూలింది, గడప ఒక్కటే మిగిలింది. అయినా ఆ గడపలో బోనం తలకెత్తుకునేదాకా తప్పెట మోగదు. నాన్న పోయాక ఆ బోనానికి మిగిలింది నేనొక్కదాన్నే.

ముప్పై ఆరేళ్లకే నాకు నెలసరి నిలిచిపోయింది. రొమ్ములో గడ్డ తీసి, మందులు ఎక్కించిన తర్వాతి సంగతి. ఆ గడ్డ హార్మోన్లతో పెరిగే రకం కాబట్టి, నెలసరి నిలిచినవాళ్లకు ఇచ్చే హార్మోన్ మాత్రలు నాకు పనికిరావని డాక్టరమ్మ చెప్పింది. ఉడుకు తగ్గడానికి వేరే మాత్ర ఒకటి, ఎముకలకు కాల్షియం, పొద్దున నడక. మిగతాది ఓర్చుకోవడమే. బిడ్డల గురించి అడిగితే తల అడ్డంగా ఊపింది.

మా కాపురం ఉన్న ప్రొద్దుటూరు ఎండలో ఇంటికొచ్చి ఓర్చుకోవడం మొదలుపెట్టాను. ఉడుకు ఛాతీలో పుట్టి మెడకూ చెవులకూ పాకుతుంది. జాకెట్టు తడిసి ముద్దవుతుంది. వెంటనే చలి. కాఫీ మానేశాను. నూలు చీరలు తప్ప కట్టలేదు. సంచిలో తడి తువ్వాలు లేకుండా వీధిలోకి పోలేదు. మా ఆయన తన మంచం కాస్త దూరంగా జరుపుకున్నాడు.

అమ్మ పులివెందులలో మా మేనమామ ఇంట్లో ఉంటుంది. ఆమెకు ఆపరేషన్ సంగతి తెలుసు, నెలసరి నిలిచిన సంగతి తెలియదు. మందులు ఆగితే నా కడుపు పండుతుందని, ఆ గడపలో మళ్లీ దీపం పెట్టే బిడ్డ పుడతాడని ఆమె ఆశ. పులివెందుల పోయినప్పుడల్లా నా చేతిలో విసనకర్ర చూసి మామ ఎగతాళి చేసేవాడు.

"ఏంది పాపా, ముసిలమ్మ మాదిరి విసురుకుంటాండావు?"

నవ్వి విసనకర్ర పక్కన పెట్టేదాన్ని.

ఆ ఏడు జాతరకు నాయనమ్మ పట్టుచీర కట్టుకున్నాను. నూలు చీరతో తొలి బోనం ఎత్తితే ఊరు మా ఇంటి మీద జాలిపడుతుంది. ఆ జాలి ఓర్చుకోవడం నాకు చేతకాదు. జాతరకొచ్చిన అమ్మ కంటపడుతుందని తడి తువ్వాలు కూడా తీసుకోలేదు.

గుడి ఇంకా దూరంగా కనిపిస్తుండగానే ఉడుకు మొదలైంది. తల మీద కుండ, కుండలో అన్నం, పైన దీపం. ముఖం కాలిపోతోంది. కుండ పక్కకు ఒరిగింది. ఎవరో బోనం అందుకున్నారు. మోకాళ్ల మీద కూలబడి, మెడ చుట్టూ ఉన్న కొంగు లాగేసి, గాలి కోసం తల విదిల్చాను.

"అమ్మోరొచ్చినాది" అన్నారెవరో.

తప్పెట జోరందుకుంది. పసుపు నీళ్లు నా తల మీద పడ్డాయి. ఆ చల్లదనానికి ప్రాణం లేచొచ్చింది, ఆ సుఖానికి కళ్లు మూసుకున్నాను. చుట్టూ ఆడవాళ్లు చేతులు జోడించి కూర్చున్నారు. వాళ్లను తోసుకుని అమ్మ ముందుకొచ్చింది. జీవితంలో ఎవరి ముందూ వంగని మనిషి, నా కాళ్లు పట్టుకుంది.

"నా బిడ్డ శానా ఓర్చుకునింది తల్లీ. దాని కడుపు ఎప్పుడు పండుతాది? ఏం మొక్కు కావాల్నో అడుగు, ఇస్తా."

అమ్మోరుగా ఏదో ఒక మాట చెప్పి ఆమెను లేపవచ్చు. ఇంకో ఏడు ఆశ నిలిచేది. కానీ నా కాళ్ల మీద ఆ తల చూడలేకపోయాను. వంగి, ఆమె చెవిలో చెప్పాను.

"నేనేమ్మా. అమ్మోరు కాదు, ఉడుకు. నాకు నిలిచిపోయినాయి. ఇంక పండదు."

అమ్మ చేతులు నా పాదాల మీద అలాగే ఉండిపోయాయి. తర్వాత మెల్లగా లేచి, నా ముఖం మీది పసుపు తన కొంగుతో తుడిచింది. అమ్మోరు ఏం చెప్పిందని పక్కామె అడిగింది.

"చెప్పాల్సింది చెప్పినాది. జరగండి, గాలి రానీండి."

బోనం మోయడానికి ఇంకెవరో ముందుకొచ్చారు. అమ్మ వాళ్లను ఆపి, కుండను తానే అందుకుని నా తల మీద పెట్టింది.

"మనింటిది ఇదే ఆఖరైతే, వంగకుండా తీసకపో."

నడుం నిటారుగా పెట్టి నడిచాను. వెనక అమ్మ వేపమండతో నా వీపుకు విసురుతూ వచ్చింది. అమ్మోరికి విసురుతోందనుకుని జనం దారి పొడవునా దండం పెట్టారు.