ఆల్బమ్‌కెక్కిన శోకం

ఇంట్లో శవం లేకుండా శోకం తీయకూడదని కస్తూరమ్మకు తెలుసు. అయినా పక్కింటి పింటూ బతిమాలితే, ఫ్యాక్టరీలో పోయిన కొడుకును తలుచుకుంటూ, పింటూ జానపద మెటల్ బ్యాండు తొలి ఆల్బమ్‌కు శోకం పాడింది. వెనక గిటార్లు ఉరిమాయి. 2004 దసరా పందిళ్లలో వాళ్లు వలసొచ్చిన ఉత్తరాది ఉక్కు పట్నంలోని కద్మా పేట కుర్రాళ్లు దానికే గెంతారు.

ఆ చలికాలం ఆమె భర్త ఆదిబాబు చనిపోయాడు. భార్య శోకం తీశాకే పాడె లేవాలన్నది వాళ్ల ఆచారం. కస్తూరమ్మ గొంతెత్తింది. గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాళ్లు తెలియకుండానే గొంతు కలిపారు. ఒకడి కాలు తాళం వేసింది.

"చుప్ రహో బే! ఇది మన పాట కాదు," అని పింటూ గదిమాడు.

కస్తూరమ్మ ఆగిపోయింది.

"ఏటొదినా, ఆపేసినావు? అన్నియ్యని సాగనంపవా?" అంది ఆడపడుచు.

"ఏటని పాడీది? నానేడిత్తే ఆళ్లకి గెంతాలనిపిత్తంది. ఎత్తండి."

శోకం లేకుండానే ఆదిబాబు పాడె వీధి దాటింది.